పొడుగాయన నంబరు

డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేసరికి పదీ పది. కాన్పయిన మనిషికి నెత్తురు ఆగడం లేదు. లక్షలో ఒకరికుండే గ్రూపు. పదకొండులోపు దాత కావాలి.

"మన పొడుగాయనది అదే గ్రూపుగా!" అంది వదిన. ఆ రక్తపరీక్షల ల్యాబు ఆమెదే. "మరిదీ, నంబరు తియ్యి."

కంప్యూటరు ముందున్న మరిది చేతులు కదల్లేదు.

ల్యాబంతటికీ ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే. దాతల జాబితా నడిచేది వివరాలు దాచే సర్వర్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ మీద. కొత్తగా కొన్న పరీక్ష మిషనుకేమో కొత్త వెర్షనే కావాలి. రెండూ కలిసి లేస్తే ఒకదాన్నొకటి తోసుకుని రెండూ చతికిలబడతాయి. అందుకే వదిన మానిటరు అంచున చీటీ అంటించింది: "ఒకటి పడుకున్నాకే ఇంకోటి లేవాలి." రోజుకు ఇరవైసార్లు ఒకదాన్ని ఆపేది, ఇంకోదాన్ని లేపేది. "తోడికోడళ్ళకు ఒకే పొయ్యి ఇచ్చినట్టుంది నా బతుకు" అని సణిగేది.

ఆ సణుగుడు వినలేక పొద్దున్నే మరిది తెలివి చూపించాడు. పాతదాని ఫోల్డరు కొత్తదాని చేతికిస్తే రెండు పనులూ అదే చేసుకుపోతుందనుకున్నాడు. కొత్తది ఆ ఫైళ్ళన్నీ తన పద్ధతిలోకి తిరగరాయడం మొదలుపెట్టింది. సగంలో డిస్కు నిండింది. చోటు కోసం అతనొక పెద్ద ఫైలు చెరిపేశాడు.

అది జాబితాకున్న ఒకే ఒక్క నకలు.

"ఏంట్రా, బొమ్మలా కూర్చున్నావ్?"

"వదినా... తెరుచుకోవడం లేదు."

"పాతది లేపు!"

"పాతది ఈ ఫైళ్ళు చదవలేనంటోంది. కొత్తది సగంలో ఆగిపోయింది, ముందుకు పోదు, వెనక్కి రాదు."

"నకలుందన్నావుగా?"

"చోటు చాలక అదే చెరిపేశాను." వదిన బల్ల సొరుగు లాగింది. ఖాళీ. కిందటి నెలదాకా అందులో అట్ట చిరిగిన దాతల పుస్తకం ఉండేది. "ఇంకా ఈ రాతి యుగం ఏంటి వదినా?" అని వెక్కిరించి పాత పేపర్లవాడికి వేసింది అతనే.

"పొడుగాయన నిన్ననే వచ్చాడు" అంది వదిన మెల్లగా. "నంబరు మారిందని చీటీ రాసిచ్చాడు. కంప్యూటర్లోకి ఎక్కించి చింపేశాను. ఇల్లెక్కడో కూడా తెలీదు మనకి."

మరిది చెత్తబుట్ట బోర్లించాడు. పొద్దున్నే ఖాళీ చేసేశారు, ఏమీ లేదు. పాతదాన్ని లేపాడు. ఆపాడు. కొత్తదాన్ని లేపాడు. ఆపాడు. తెర మీద అదే ఎర్ర గీత, అదే 'చదవలేను' మాట. ఇరవై నిమిషాలు. చెమట మీటల మీద పడుతోంది.

పదిన్నరకు ఫోను మోగింది. ఇద్దరూ దాన్ని చూశారు. ఎత్తింది వదినే.

"డాక్టరమ్మా, ఇంకొక్క..."

అవతలి గొంతు ఆగలేదు. జిల్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారు. గంటన్నర దారి. అంతసేపు ప్రాణం నిలుస్తుందో లేదో తెలీదు.

అద్దాల తలుపు అవతల అంబులెన్సు కూతపెడుతూ వెళ్ళిపోయింది.

వదిన అలమర్లోంచి కొత్త నోటుపుస్తకం తీసి మొదటి పేజీ తెరిచింది. "పొడుగాయన" అని రాసి, పక్కన గీత గీసింది.

గీత అవతల రాయడానికి ఏమీ లేదు. పెన్ను అక్కడే ఆగింది.