కార్న్‌డ్రమ్ జోడురాయి

నేను ఒక రాయిని. అప్పుడే మొహం తిప్పుకోకండి. దారిలో కాలికి తగిలే రకం కాదు, గుళ్ళో పసుపు కుంకుమలు పూయించుకునే రకమూ కాదు. గుండ్రంగా చెక్కి, అద్దంలా నున్నగా అరగదీసి, నెత్తిన ఇత్తడి పిడి బిగించిన ఆటరాయిని. నన్ను నేల మీంచి ఎత్తాలంటే నడుం మీద ఆశ వదులుకోవాలి. గడ్డకట్టిన నీటి మీద మాత్రం చిన్న తోపు చాలు, జారుకుంటూ పోతాను. సొంత డబ్బా కొట్టుకుంటున్నాననుకుంటే అనుకోండి. రాయికి సిగ్గేమిటి?

స్కాట్లండ్ పడమటి తీరానికి ఎదురుగా సముద్రంలో ఒంటిగా నిలబడ్డ కొండదీవి ఒకటుంది. లక్షల ఏళ్ళు అక్కడ ఏ పనీ లేకుండా హాయిగా పడి ఉన్నాను. తరవాత మనుషులొచ్చి, మా జాతి రాయి నీళ్ళు పీల్చదనీ, చలికి పగలదనీ కనిపెట్టారు. సుఖంగా ఉన్నవాళ్ళను లేపి పనిలో పెట్టడం మనుషులకు మొదటి నుంచీ అలవాటే. ఒకే బండను రెండుగా కోసి మమ్మల్ని జంటగా తయారుచేశారు. ఈ ఆటలో ఆటగాడికి రెండేసి రాళ్ళు ఉండాలి. ఒంటిరాయి ఎందుకూ కొరగాదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, నా కథలో ఇద్దరు పెద్దమనుషులు దీన్నే మరిచిపోయారు.

మమ్మల్ని కొని తెచ్చుకున్న ఊరి పేరు కార్న్‌డ్రమ్. ఒక వీధి, ఒక చర్చి, ఒక సారాయి దుకాణం, పోస్టాఫీసు కూడా తనలోనే ఇముడ్చుకున్న ఒక కిరాణా కొట్టు. అంతే ఊరు. చుట్టూ కొండలు, కొండల నిండా గొర్రెలు. ఓటుహక్కు ఇస్తే అన్ని ఎన్నికల్లోనూ గొర్రెలే గెలుస్తాయి. అక్కడ వాన పడని రోజంటూ వస్తే జనం ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. ఊరికి అవతల ఒక సరస్సు. ఏ నాలుగైదేళ్ళకో ఒక చలికాలం అది మనిషి బరువు మోసేంత గట్టిగా గడ్డకడుతుంది. ఆ వార్త తెలిసిన మరుక్షణం ఊళ్ళో పెళ్ళి ఆగిపోతుంది, గొర్రె ఈనడం తప్ప మిగతా పనులన్నీ ఆగిపోతాయి. పొరుగూరు బార్‌మోర్ వాళ్ళు పందేనికి దిగుతారు.

ఆట చెప్తాను, కష్టమేం కాదు. మంచు మీద ఒక వలయం గీస్తారు. దూరం నుంచి రాళ్ళు తోస్తారు. నడిబొడ్డుకు ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళు నెగ్గినట్టు. అసలు తమాషా ఏమిటంటే, రాయి జారుతుంటే దాని ముందు చీపుళ్ళతో పరిగెత్తుతూ మంచును ఊడుస్తారు. ఊడిస్తే ఇంకొంచెం దూరం పోతుంది, మానేస్తే ముందే ఆగిపోతుంది. ఇంట్లో చీపురు ఏ మూలన ఉంటుందో తెలియని మగవాళ్ళు సరస్సు మీద మాత్రం చెమటలు కారేలా ఊడుస్తారు. గట్టు మీద నిలబడి వాళ్ళ భార్యలు చూసే చూపులు నేను చాలాసార్లు చూశాను.

మా యజమాని ఆండ్రూ మెక్‌హ్యారీ. గొర్రెల రైతు, మాట పొదుపు మనిషి. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు నీనియన్, రెండోవాడు గావిన్, ఆఖరిది నెట్టా. కొడుకులు మా ముందు ఎవరు ఊడవాలన్న దాని మీద కొట్టుకుంటుంటే, నెట్టా చీపురు పట్టుకుని ఆ పని కానిచ్చేది. ఎవరూ లేనప్పుడు తండ్రి ఆమె చేత మమ్మల్ని తోయించేవాడు కూడా. ఆ చేతి వాటం నాకు తెలుసు. తొందర లేదు, వణుకు లేదు, పిడిని వదిలేటప్పుడు వేళ్ళు నన్ను బతిమాలినట్టుండేవి. కానీ ఆడవాళ్ళు పందెంలో ఆడే ఆనవాయితీ ఆ ఊళ్ళో లేదు. ఎందుకు లేదని అడిగే ఆనవాయితీ కూడా లేదు.

పోయేముందు ఆండ్రూ స్పష్టంగానే చెప్పాడు, రాళ్ళు మీ ముగ్గురివీ అని. కొడుకులు కళ్ళు తుడుచుకుని పంపకం మొదలుపెట్టారు. పొలం చెరి సగం. గొర్రెలు చెరి సగం. రాళ్ళు రెండున్నాయి కాబట్టి చెరొకటి. నెట్టాకు వంటసామాను. రెండు రాళ్ళను ఇద్దరికి పంచడంలో ఏం తేడా వచ్చిందో వాళ్ళకు తోచలేదు. జంటను విడగొడితే ఇద్దరూ ఆడలేరన్నది మళ్ళీ సరస్సు గడ్డకట్టాక గానీ తెలిసిరాలేదు. అప్పుడు నీ రాయి ఇవ్వమని ఒకడంటే, నీ రాయే ఇవ్వమని ఇంకొకడు అన్నాడు. ఇద్దరూ ఇవ్వలేదు. మాటలు అక్కడే ఆగిపోయాయి.

నేను గావిన్ ఇంట్లో ఓట్స్ ధాన్యం పోసే డబ్బా మూత మీద కూర్చుని ఎలుకల్ని కాపలా కాశాను. నా జోడు నీనియన్ ఇంట్లో వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా పట్టుకుని ఉండేదట. మా ఇద్దరి మధ్య దూరం ఒక గోడ. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన పొలం గోడ అది. అలాంటి గోడను ఇటొకరు, అటొకరు నిలబడి పేర్చాలి, ఒక్కడి వల్ల కాదు. అందుకని ఏటా చలికాలపు వానలకు కూలిన చోటల్లా అన్నదమ్ములిద్దరూ వచ్చి, చెరో పక్క నిలబడి, ఒక్క మాటైనా లేకుండా కట్టుకునేవాళ్ళు. గావిన్‌కు పెద్ద రాయి కావాలంటే దగ్గేవాడు. నీనియన్ అందించేవాడు. విడిపోయిన మనుషులు అంత పొందికగా గోడ కట్టడం నేను ఎక్కడా వినలేదు.

తక్కిన వ్యవహారమంతా నెట్టా మీదుగా నడిచేది. ఊళ్ళో కిరాణా కొట్టు, పోస్టాఫీసు ఆమెవే. నీ పొట్టేలు నా పొలంలో పడిందని వాడికి చెప్పు అని ఒకడు, చూసి కంచె వేసుకోమని వీడికి చెప్పు అని ఇంకొకడు. కొత్త సంవత్సరం రోజున ఆమె రెండుసార్లు వండేది. మధ్యాహ్నం పెద్దన్నకు, సాయంత్రం చిన్నన్నకు. ఒకడు తిన్న కుర్చీలో ఇంకొకడు కూర్చోడని కుర్చీ కూడా మార్చేది. ఏళ్ళు గడిచాయి, ఆమె మోకాళ్ళు అరిగాయి. ఆ ఏడు గావిన్ సాయంత్రం భోజనం ముగించుకుని ఇల్లు చేరి, ఓట్స్ డబ్బా పక్కన కూలబడి, నాతోనే చెప్పుకున్నాడు. ఆ ఇంట్లో వినేందుకు నేనూ కుక్కా తప్ప ఎవరున్నాం? వచ్చే ఏటి నుంచి ఒక్కసారే వండుతుందట. ఇద్దరూ కలిసి వస్తే పెడుతుందట, లేకపోతే ఎవరికీ లేదట. అన్న దగ్గరా అదే మాట చెప్పిందట.  గావిన్‌కు ఆ భోజనం తప్ప పండగ అంటూ ఇంకేమీ లేదు. గోడకు అవతల వాడికీ అంతే. అయినా ఇద్దరిలో ఎవరూ గోడ దాటలేదు.

ఆ నెలలోనే సరస్సు గడ్డకట్టింది. కార్న్‌డ్రమ్ జట్టుకు నాయకుడు పాదిరి గిల్‌క్రిస్ట్ గారు. దేవుడి విషయంలో ఎంతో ఓర్పున్న మనిషి, బార్‌మోర్ విషయంలో అసలు లేదు. నలుగురు ఆటగాళ్ళకు నాలుగు జంటలు కావాలి. ఊళ్ళో మిగిలినవి మూడు. నాలుగో జంట మేమే, ఈసారి రాళ్ళు తేవాల్సిందేనని ఆయన ఇద్దరి దగ్గరా పట్టుబట్టాడు. గావిన్ నన్ను చక్రాలబండిలో వేసుకుని వచ్చాడు. నీనియన్ నా జోడును గోనెసంచిలో ఈడ్చుకొచ్చాడు. అంతకాలం తరవాత పక్కపక్కన పెట్టారు మమ్మల్ని. దాని పక్కన తలుపు గీసిన గీతలు ఉన్నాయి. నా ఒంటి నుంచి ఓట్స్ వాసన వస్తోంది. రాళ్ళకు గుండె ఉండదంటారు గానీ, ఆ మాట అన్నవాళ్ళు రాళ్ళు కారు.

ఇక మొదలైంది. రెండు రాళ్ళూ నేనే తోస్తానని ఒకడు, నేనే తోస్తానని ఇంకొకడు. ఇదంతా నేరుగా కాదు, పాదిరి గారి ద్వారా. ఆయన తల అటూ ఇటూ తిప్పలేక అలసిపోయాడు. బార్‌మోర్ వాళ్ళు చీపుళ్ళ మీద గడ్డాలు ఆనించి నవ్వుతున్నారు. అప్పుడు నెట్టా, గట్టున అందరికీ పోయడానికి తెచ్చిన సూపు గిన్నె కింద పెట్టి మంచు మీదికి వచ్చింది.

"రెండూ నాకివ్వండి," అంది. "నేను తోస్తాను."

 నీనియన్ ఆలోచించాడు. చెల్లెలి చేతికిస్తే తమ్ముడికి దక్కదు. గావిన్ కూడా ఆలోచించాడు. చెల్లెలి చేతికిస్తే అన్నకు దక్కదు. సరేనన్నారు. ఆ ఊరి ఆనవాయితీని వందల ఏళ్ళ తరవాత ఒక ఆడది దాటగలిగిందంటే, దానికి కారణం ఇద్దరు మొండిఘటాల ఉక్రోషమే. పాదిరి గారికి అభ్యంతరం చెప్పే తీరిక లేదు.

ఇక్కడ ఇంకో ఆనవాయితీ ఉంది. ఎవరు తోసినా సరే, రాయి సొంతదారుకు దాని ముందు ఊడిచే హక్కు ఉంటుంది. మా సొంతదారు ఎవరో తేలలేదు కనుక ఇద్దరూ చీపుళ్ళు పట్టుకుని దిగారు. ముందు నా జోడును తోసింది నెట్టా. అన్నదమ్ములు చెరో పక్క మూగగా ఊడిచారు. పొలం గోడ కట్టిన పొందికే అక్కడా కనబడింది. అది వెళ్ళి నడిబొడ్డు పక్కన ముచ్చటగా నిలబడింది. కానీ బార్‌మోర్ వాళ్ళ రాయి ఒకటి దానికంటే వెంట్రుకవాసి దగ్గరగా చేరింది. పందెం తేలడానికి ఇక ఒకే రాయి మిగిలింది. అది నేను.

నెట్టా మోకాలి మీద వంగింది. ఆమె చేయి ఇప్పుడు ముడతలు పడింది గానీ వాటం అదే. వదిలింది. జారుతున్నాను. మంచు నా కింద సన్నగా పాడుతోంది. ముందు రెండు చీపుళ్ళు. సగం దూరం దాటాక ఒక చీపురు ఆగింది.

"ఊడ్చు గావిన్, ఆగిపోతుంది," అన్నాడు నీనియన్.

ఇద్దరి మధ్యా అన్నేళ్ళ తరవాత పుట్టిన మొదటి మాట అది. అన్నవాడికి తెలియదు, అన్నానని.

"ఆగదు. వేగముంది, వదిలెయ్. నీకన్నిటికీ తొందరే."

"నాకా తొందర? నాన్న పోయిన మర్నాడే బండి తోలుకొచ్చి రాయెత్తుకుపోయిందెవరు?"

"రెండూ నువ్వే పట్టుకుపోతావని."

"నేనలా పట్టుకుపోయేవాణ్ణి కాదు."

"ఆ మాట అప్పుడే అనుంటే సరిపోయేది కదా."

"నువ్వడిగితే కదా అనడానికి."

రెండో చీపురు కూడా ఆగిపోయింది. ఇద్దరూ సరస్సు మధ్యలో ఎదురెదురుగా నిలబడి, చేతులు ఊపుకుంటూ, పొట్టేలు సంగతి, కంచె సంగతి, చిన్నప్పుడు ఎవరో విరగ్గొట్టిన, మంచు మీద జారే స్లెడ్జిబండి సంగతి, వరసగా బయటికి తీస్తున్నారు. నేను వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి నా దారిన నేను వెళ్ళాను. దిక్కూ మొక్కూ లేని రాయి ఎంత దూరం పోతుంది? నడిబొడ్డుకు జానెడు ఇవతల ఆగిపోయాను. బార్‌మోర్ వాళ్ళు టోపీలు ఎగరేశారు.

కార్న్‌డ్రమ్ ఓడింది. చిత్రంగా, కార్న్‌డ్రమ్ వాళ్ళు ఒక్కరూ నా వైపు చూడలేదు. అందరూ అన్నదమ్ముల్నే చూస్తున్నారు. పాదిరి గారు టోపీ తీశారు, ప్రార్థనకో దుఃఖానికో నాకు తెలియలేదు. నెట్టా మంచు మీద మోకాళ్ళ మీదే ఉండిపోయింది. నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు గొడ్డుమాంసం, క్యాబేజీ ఉడికించి పెట్టాలి. అది అక్కడి రివాజు. చివరి రాయి ఎవరు తోస్తే వాళ్ళ ఇంట్లోనే వంట. అలా నెట్టా ఇంట్లో ఒకే బల్ల పడింది. బార్‌మోర్ వాళ్ళు ఇటు, కార్న్‌డ్రమ్ వాళ్ళు అటు, మధ్యలో పక్కపక్కనే నీనియన్, గావిన్. కుర్చీ ఎవరిదని ఎవరూ అడగలేదు. అడగడానికి తీరికేదీ? ఊడిచి ఉంటే రాయి చేరేదని నీనియన్, ఊడిచినా చేరేది కాదని గావిన్. ఉప్పు అందించుకుంటూ పోట్లాడుకున్నారు.

మర్నాడు ఉదయం ఇద్దరూ కొట్టుకు వచ్చారు, తమ తమ రాయి తీసుకుపోదామని. నెట్టా మమ్మల్ని కొట్టు గుమ్మానికి చెరో పక్కన పెట్టి ఉంది. ఆ దేశంలో చెల్లెలు అన్నల్ని పేరు పెట్టే పిలుస్తుంది. ఆ రోజు ఆమె పిలిచిన తీరు మాత్రం తల్లి పిలిచినట్టుంది.

"నీనియన్, గావిన్, ఇటు వినండి. నాన్న ముగ్గురివీ అన్నాడు. ఇన్నాళ్ళూ మీరు ఉంచుకున్నారు, ఇప్పుడు నా వంతు. చూసుకోవాలనిపిస్తే రండి. ఇద్దరూ ఒకేసారి రండి."

అప్పటి నుంచి నేను ఆ గుమ్మం దగ్గరే ఉన్నాను, నా జోడుకు ఎదురుగా. సరస్సు మళ్ళీ గట్టిగా గడ్డకట్టలేదు. ఈ మధ్య చలికి మునుపటి పట్టుదల లేదు. పట్నం నుంచి మ్యూజియం ఆయనొకడు వచ్చి, మమ్మల్ని గాజుపెట్టెలో పెడతామని మర్యాదగా అడిగాడు. నెట్టా కుదరదంది. ఎందుకని అడిగితే, "ఇవింకా పనిలో ఉన్నాయి," అంది. ఆయన మా వంక చూసి, తలుపు పట్టుకోవడం తప్ప మాకేం పనో అర్థంకాక వెళ్ళిపోయాడు.

పని ఉంది. ప్రతి ఆదివారం చర్చి వదిలాక అన్నదమ్ములిద్దరూ కొట్టుకు వస్తారు. మా పక్కన చెరో స్టూలు వేసుకుంటారు. ఊడిచి ఉంటే చేరేదంటాడు నీనియన్. చేరేది కాదంటాడు గావిన్. నెట్టా ఇద్దరికీ టీ పోస్తుంది. చీకటి పడ్డా వాదన తెమలదు, వచ్చే వారానికి మిగులుతుంది.

నిజం నాకు తెలుసు. ఆ తోపు బలమెంతో, ఆ జానెడు దూరం ఎంతో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పను. అది తేలిపోయిన రోజు వాళ్ళిద్దరూ లేచి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు.