ఫలక్‌నుమా మీద ఎరుపు

ఏ ప్రాంతంలో ఎండ ఎంత, వాన ఎంత, అక్కడ క్యాన్సర్ ఎంతమందికి వస్తోంది? ఈ సంగతి తేల్చడానికి ఆరోగ్యశాఖలో అమల ఏడాదిగా తెలంగాణ పటం మీద రంగులు నింపుతోంది. రోగం ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట తెలుపు. తీరా చూస్తే మండిపోయే మెట్ట జిల్లాలు తెల్లగా తేలాయి, పాతబస్తీలో ఫలక్‌నుమా మాత్రం ఎర్రబడి కూర్చుంది. పక్కనున్న మొఘల్‌పురాకు అదే ఎండ, అదే వాన. అక్కడ లేని రోగం ఇక్కడే ఎందుకు? మొఘల్‌పురాలో పుట్టి పెరిగిన అమలకు నమ్మబుద్ధి కాలేదు.

పై అధికారి శశిధర్‌కు అన్నీ తొందరే. "లెక్క లెక్కే కదమ్మా. ఇవాళే పంపేద్దాం. పరీక్షల బస్సు ఎరుపున్న చోటికి వెళ్తుంది," అన్నాడు. ఉన్నది ఒక్కటే బస్సు. తెల్లగా తేలిన జిల్లాల ముఖం అది చూడదు.

సోమవారం దాకా ఆగమని ఆయన్ను ఒప్పించి, అమల రోగుల చిరునామాలు తీసుకుని ఫలక్‌నుమా వెళ్లింది.

మొదటి ఇల్లు ఆండాలుది. వాకిట్లో పాలక్యాన్లు కడుగుతోంది. జాబితాలో ఆ ఇంటి కింద ఉన్న సుందరమ్మ పేరు చెప్పగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మా అక్క. నోటి క్యాన్సర్‌తోని పోయినేడు పోయింది."

"పుట్టినకాంచి గిక్కడనే ఉండెనా?"

"లేదు, రాళ్లగుట్టల. మెట్ట దిక్కు ఊరు. దవాఖాన కోసం మా ఇంటికొచ్చింది. అడ్రస్ మాదే రాయించిన."

"ఊరి పేరు ఎందుకు చెప్పలే?"

"మా ఇంట్ల తిని, మా ఇంట్ల పండుకుని, పరాయి ఊరు చెప్తదా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

అమలకు విషయం అర్థమైంది. ఈ గల్లీల మర్యాద ఆమెకు తెలియనిదా? గడప దాటి వచ్చిన చుట్టం ఆ ఇంటి మనిషే. అలా ఎంతమంది రోగుల్ని ఈ గల్లీ తనవాళ్లని రాయించుకుందో! ఆ మంచితనమే మెట్ట ఊళ్ల కొంప ముంచుతోంది.

"లెక్కల అక్క ఊరు రాళ్లగుట్ట అని మారుస్త, ఆండాలక్కా."

"మార్చకు," అంది ఆండాలు, కళ్లనిండా నీళ్లతో. "బతికినన్ని దినాలు దాన్ని ఎవ్వరు పట్టించుకోలే. సచ్చినంక నా ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తవా?"

అయినా అమల కదల్లేదు. "ఆ ఊర్ల ఎవరున్నరు?"

"దాని బిడ్డ సుజన. దానికి గూడ నోట్ల పుండు మానుతలేదంట. ఎండ వేడి అంటున్నరు."

"సుజనను రేపే పిలిపించు, నేను దవాఖానల చూపిస్త. గని ఆమె పక్కింటోళ్లను ఎవరు పిలుస్తరు? పటంల ఊరు తెల్లగుంటే బస్సు పోదక్కా."

ఆండాలు చేతులు తుడుచుకుని చెప్పులు వేసుకుంది. "ఒక్కదానివి పోతే ఎవ్వరు నిజం చెప్పరు. పా."

పక్కింటి తలుపు కృష్ణయ్య తీశాడు. అమల నోరు తెరిచేలోపే ఆండాలు అందుకుంది.

"కృష్ణయ్యన్నా, మా సుందరక్క మా ఇంటిది గాదు. రాళ్లగుట్టది." అమల చేతిలోని జాబితా చూపించింది. "మీ అడ్రస్‌తోని దవాఖానల చూపించుకున్న మీ బామ్మర్దిది ఏ ఊరో నువ్వు గూడ చెప్పు."