నల్లసామి పంపినవాళ్లు

తమిళనాడులో పెరియకుళం మామిడితోటల పక్కనున్న తెలుగువాళ్ల ఊళ్లో దేవుడి వాక్కు చెప్పేది నల్లసామి. మంగళవారాలు గుళ్లో ఉడుక్కు అనే చిన్న డమరుకం వాయించి, కళ్లు మూసుకుని, ఎవరి బాధకు ఏం చెయ్యాలో చెప్పేవాడు. ఎవరింట్లో ఏం జరుగుతోందో మిగతా రోజుల్లో కళ్లు తెరుచుకుని కనిపెట్టేవాడనుకోండి, అది వేరే సంగతి.

ఊరి నర్సు మధుమిత ఒకరోజు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. నిద్రపట్టనివాళ్లకు, ఊరికే ఏడ్చేవాళ్లకు విభూతి ఇవ్వండి, దాంతోపాటు మదురైలో నేను మాట్లాడిపెట్టిన మనసు డాక్టరు దగ్గరకూ పంపండి అని అడిగింది. తను చెబితే కదలనివాళ్లు దేవుడు చెబితే కదులుతారని ఆమె ఆలోచన. నల్లసామి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆనాటినుంచి దేవుడు కూడా ఆయన నోట మాత్రలు మానొద్దని చెప్పసాగాడు. నలుగురూ చూస్తారని జంకినవాళ్లను ఆయనే పక్కకు పిలిచి, గురువారం పొద్దున్నే వెళ్లు, అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ ఉండరని చెవిలో చెప్పేవాడు.

అంతలో ఆయన భార్య పోయింది. నల్లసామికి కూడు సయించలేదు, కన్ను మూతపడలేదు. ఉడుక్కు పట్టిన చెయ్యి వణుకుతుంటే దేవుడి ఆవేశం ఎక్కువైందనుకుని జనం ఇంకా గట్టిగా దండం పెట్టారు. తన విభూతి తనే పూసుకున్నాడు. గుణం కనిపించలేదు. ఇంతకాలం ఇదేనా అందరికీ పంచిపెట్టాను అని తనమీద తనకే నవ్వొచ్చింది. కానీ ఒకరోజు బావిగట్టు మీద తను ఎందుకు నిలబడ్డాడో తనకే తెలియలేదు. అప్పుడు నిజంగా భయమేసింది.

డాక్టరు దగ్గరకు వెళ్లాలి. వెళ్లినట్టు తెలిస్తే తన వాక్కు ఇంకెవరు నమ్ముతారు? అందుకే గురువారం పొద్దున్నే నొసటి విభూతి చెరిపేసుకుని, అల్లుడి ప్యాంటు తొడుక్కుని, టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని మదురై మాట్టుతావణి బస్టాండులో బస్సు దిగాడు. తన్ను తనే గుర్తుపట్టలేనంత బాగా కుదిరిందనుకున్నాడు.

ఆసుపత్రిలో అడుగుపెడితే బెంచీల మీద సగం ఊరు కూర్చునుంది. ఒకరు కండువా మాటున, ఒకరు పేపరు మాటున. అందర్నీ అదే రోజున, అదే వేళకు పంపింది తనే. ఇంత చిన్న సంగతి ఆయనకు తట్టలేదు, ఆయనమీదికొచ్చే దేవుడికీ తట్టలేదు. వెనక్కి తిరిగి జారుకోబోయాడు.

"సామీ," అంది కమలమ్మాళ్. కొడుకు పోయినప్పటినుంచి ఏడుస్తుంటే ఆయనే పంపిన మనిషి. పక్కకు జరిగి చోటిచ్చింది. "పరవాల్యా, ఇట్లా కూచోండి. మీ చెయ్యి వణికేది మేము చూస్తానే ఉంటిమి. మాకైతే మీరు చెప్తిరి. మీకు చెప్పేదానికి ఎవురుండారు?"

నల్లసామి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. పేపర్లు, కండువాలు ఒక్కొక్కటే దిగాయి.

వంతు వచ్చింది. ఏ ఊరని అడిగింది చీటీ రాసే అమ్మాయి. ఆయన చెప్పాడు. ఆ ఊరినుంచి వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట కాబట్టి, తలెత్తకుండానే, నల్లసామి పంపాడా అంది.

"అవునమ్మా, ఆయనే," అన్నాడు. "చానా నాళ్లుగా చెప్తానే ఉండాడు. నేనే వినలేదు."