ఇద్దరికీ చాలని మందు

ఖాజాగూడ గుట్టల్లో కొట్టిన రాయిని పట్నానికి తోలే బండ్లలో నర్సింహ బండి ఒకటి. మాట తక్కువ మనిషి. ఎడ్లతో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడడని భార్య భూలక్ష్మి ఎగతాళి చేసేది. ఆమె అతనికి పరాయిది కాదు, పుప్పాలగూడలో ఇచ్చిన సొంత అక్క కూతురు. చిన్నప్పటి నుంచీ 'మామా' అని పిలిచిన మనిషినే చేసుకుంది. పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు.

వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దది చంద్రమ్మ, ఇంట్లో చంద్రి అనేవాళ్లు. చిన్నవాడు ఐలయ్య. తండ్రి మాట్లాడని మాటలన్నీ చంద్రి మాట్లాడేది. గుట్ట మీద సీతాఫలాలు కోసుకొచ్చి, దారిన పోయేవాళ్లను ఆపి మరీ అంటగట్టేది. ఆ పిల్ల నోటికి జడిసి బేరమాడేవాళ్లు కూడా తక్కువే.

పన్నెండో ఏట ఆ పిల్ల చెయ్యి వణకడం మొదలైంది. పులుసు గిన్నె ఒలకబోస్తే తల్లి నెత్తిన ఒకటి మొట్టింది. మళ్లీ ఒలికింది. తర్వాత మాట ముద్దగా రాసాగింది, నోట్లో ఉడకని పప్పేదో పెట్టుకున్నట్టు. ఆ తర్వాత మొహం మారింది. పెదాలు పక్కకు లాగి, ఎప్పుడూ నవ్వుతున్నట్టు ఉండిపోయింది. ఏడ్చినా నవ్వే. ఊళ్లో పిల్లలు భయపడి దగ్గరికి రావడం మానేశారు.

గాలి సోకిందన్నారు. పోచమ్మకు కోడిని కోశారు. గుట్ట మీది దర్గాలో తాయెత్తు కట్టించారు. భూతవైద్యుడు వేపకొమ్మలతో కొడుతుంటే చంద్రి కళ్లనుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. అది చూసి వాడు, "దయ్యం జర గట్టిదే" అని ఇంకా గట్టిగా కొట్టాడు. నర్సింహ వాడి చేతిలో కొమ్మ లాక్కుని విరిచి పారేశాడు. మర్నాడు బండిలో గడ్డి పరిచి, బిడ్డను పడుకోబెట్టి పట్నం పెద్ద దవాఖానకు తోలాడు.

అక్కడ చాలామంది చూశారు. ఒకరు వాతమన్నారు, ఒకరు పిచ్చన్నారు. చివరికి రామబ్రహ్మం అనే డాక్టరు చేతికి వచ్చింది. తెనాలి వైపు మనిషి, సన్నగా, ఎప్పుడూ నలిగిన చొక్కాతో ఉండేవాడు. ఆయన చంద్రి కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. నల్లగుడ్డు అంచున చుట్టూ పాచి రంగులో ఒక గీత.

"నీ భార్య నీకు ముందునుంచీ చుట్టమా?" అని అడిగాడు.

"అక్క బిడ్డ సార్."

డాక్టరు తల ఊపాడు. "మనం తినే తిండిలో రవ్వంత రాగి ఉంటుంది నర్సింహా. ఎక్కువైంది ఒంట్లోంచి పోవాలి. మీ అమ్మాయి ఒంట్లోంచి పోవట్లేదు. కాలేయంలో, మెదడులో పేరుకుపోతోంది. లక్షల్లో ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు. మీరిద్దరూ ఒకే రక్తం కావడంతో వచ్చింది. తప్పు మాత్రం ఎవరిదీ కాదు."

"మందుందా సార్?"

"ఉంది. ఇక్కడ లేదు. లండన్లో నా స్నేహితుడున్నాడు, రాస్తాను." దీపం పక్కన పెట్టి అన్నాడు: "చిన్నవాణ్ణి కూడా ఒకసారి తీసుకురా. చూడాలి."

నర్సింహ ఆ చివరి మాట విననట్టే ఊరుకున్నాడు. దూడలా గంతులేసే పిల్లవాణ్ణి దవాఖానకు ఎందుకు తీసుకుపోవడం? ఇంటికొచ్చి ఉన్న రెండు రాగి చెంబులనూ బయట పారేశాడు.

లండన్ నుంచి సీసా వచ్చింది. మొదట్లో ఏమీ కనబడలేదు. దసరా దాటాక ఒకరోజు చంద్రి బండి దగ్గరికి నడిచి వచ్చి, "నాయినా, ఎడ్లకు నీళ్లు వెట్టిన" అంది. మాట ముద్దగానే ఉంది, కానీ అర్థమైంది. నర్సింహ ఎడ్ల వెనక్కి పోయి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడం బిడ్డ చూడకూడదని.

అంతలో అరవై తొమ్మిది వచ్చింది. పట్నంలో తెలంగాణ గొడవలు లేచాయి. బడులు మూసేశారు. బస్సులు తగలబడ్డాయి. కర్ఫ్యూ పెట్టారు. మందు అయిపోవచ్చిన రోజుల్లో నర్సింహ ఎట్లాగో దవాఖాన చేరేసరికి రామబ్రహ్మం కుర్చీ ఖాళీగా ఉంది. కుటుంబాన్ని తీసుకుని తన ఊరికి వెళ్లిపోయాడని చెప్పారు. కొత్తగా కూర్చున్నాయన చంద్రి కాగితాలు తిరగేసి, ఈ మందు పేరు వినడమేగాని చూడలేదన్నాడు. గేటు దగ్గర గుంపుగా ఉన్న యువకుల్లో ఒకడు విని అడిగాడు.

"ఏందే, ఆంధ్ర డాక్టర్ కోసం ఏడుస్తున్నవ్? మనోళ్లు లేరా?"

"ఉన్నరు బిడ్డా," అన్నాడు నర్సింహ. "మందే లేదు."

ఆ కుర్రవాడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

మందు ఆగాక చంద్రి గుట్ట మీంచి దొర్లిన రాయిలా దిగజారింది. కాళ్లు బిగుసుకున్నాయి. మాట పూర్తిగా పోయింది. మింగడం కష్టమైంది. రైళ్లు నడుస్తున్నాయని తెలిసిన రోజు నర్సింహ తెనాలికి బయల్దేరాడు.

"ఐలయ్యను గూడ తీస్కపో మామా," అంది భూలక్ష్మి. "డాక్టర్ సాబ్ సూడాలన్నడు గద."

"వానికేమైందే?"

"ఏం గాలేదు. ఏం గాలేదని ఆయన నోట చెప్పించుకరా."

బిడ్డను భుజాన వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని రైలెక్కాడు. తెనాలిలో అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాడు. తలుపు తీసింది డాక్టరు భార్య సుబ్బలక్ష్మి. అతని యాస వినగానే ఆమె మొహం మారింది. పట్నంలో వాళ్ల ఇంటి మీద రాళ్లు పడ్డ భయం ఇంకా పోలేదు. అంతలో ఆమె చూపు భుజం మీది పిల్ల మీద పడింది.

"అయ్యో, లోపలికి రండి. ముందా పిల్లని దించండి," అంటూ తనే చేతులు చాపింది.

రామబ్రహ్మం చంద్రి కాళ్లూ చేతులూ వంచి చూశాడు. బీరువాలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "పోయిన వారమే చేరింది. ఎట్లా పంపాలా అని ఆలోచిస్తున్నాను." తర్వాత ఐలయ్యను దగ్గరికి పిలిచి పొట్ట నొక్కి చూశాడు. రక్తం తీసి గుంటూరు పంపాడు. జవాబు వచ్చేదాకా వాళ్లు ఆ ఇంటి వసారాలోనే ఉన్నారు. ఐలయ్య డాక్టరు పిల్లలతో గోళీలాడి, గెలిచి, జేబు నింపుకున్నాడు.

జవాబు వచ్చిన రోజు డాక్టరు నర్సింహను పెరట్లోకి పిలిచాడు.

"వాడికీ ఉంది."

నర్సింహకు అర్థం కాలేదు. "వాడు ఆడుకుంటున్నడు గద సార్."

"ఇంకా మెదడుకు ఎక్కలేదు. ఇప్పుడే మందు మొదలుపెడితే ఎప్పటికీ ఎక్కదు. మామూలు మనిషిలా బతుకుతాడు."

"మరి చంద్రి?"

"చెప్పలేను. చాలా ఆలస్యమైంది. కొంచెం తిరగొచ్చు, తిరగకపోవచ్చు."

"ఇంకో సీసా ఎప్పుడొస్తది?"

"రాశాను. బయటి దేశం మందు, అనుమతులు కావాలి. మద్రాసు రేవులో ఆగితే ఎన్నాళ్లు ఆగుతుందో నాకూ తెలియదు." ఆయన గొంతు తగ్గింది. "ఇద్దరికీ సగం సగం వేయకు. సగం మందు ఎవరికీ పనిచేయదు."

"ఎవలికెయ్యాల్నో మీరే చెప్పుండ్రి సార్. మీ కాళ్లు మొక్కుత."

రామబ్రహ్మం చెప్పాడు. చెప్పి, నూతి గట్టు మీద కూలబడ్డాడు.

ఇంటికి వచ్చాక భూలక్ష్మికి అంతా చెప్పాడు నర్సింహ. ఆమె సీసాను బియ్యం బుట్టలో దాచింది. రోజూ పొద్దున్నే ఐలయ్యను ఇంటి వెనక్కి పిలిచి నర్సింహ గోలీ మింగించేవాడు, చంద్రికి కనబడకుండా. ఆ పిల్లకు మాట పోయిందే కానీ తెలివి పోలేదు. తండ్రి లోపలికి రాగానే అతని వైపే చూసేది. మొహం మీద ఆ నవ్వు. ఆ నవ్వు కింద బిడ్డ ఏమనుకుంటోందో తెలియక నర్సింహ తల వంచుకుని బండి కట్టేవాడు.

కొన్నాళ్లకు సీసా చేతికి తేలిగ్గా తగిలింది. ఒక్కడికి వేస్తే అంత త్వరగా తగ్గకూడదు. ఒక మధ్యాహ్నం బండి ఇరుసు విరిగి తొందరగా ఇల్లు చేరాడు. గుమ్మంలోంచి కనబడింది. చంద్రి తల ఒళ్లో పెట్టుకుని, బెల్లం నీళ్లలో కలిపిన మందును భూలక్ష్మి చుక్క చుక్కగా నోట్లో పోస్తోంది. సగం బయటికే కారిపోతోంది. కారిందాన్ని వేలితో తీసి మళ్లీ నోట్లో పెడుతోంది.

అడుగు లోపలికి పెడితే ఆపాలి. ఆపితే ఆ బిడ్డను తన చేత్తో చంపినట్టు. ఆపకపోతే కొడుకు మందు నేలపాలు. నర్సింహ చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి, ఎడ్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

సీసా వానాకాలం మధ్యలో ఖాళీ అయింది. భాద్రపద అమావాస్య, పెత్తరమాస నాడు, ఆడవాళ్లు బతుకమ్మ పూల కోసం గుట్టకు వెళ్లిన పొద్దున, చంద్రి ప్రాణం పోయింది. పోయాక మొహం బిగువు వదిలింది. నవ్వు లేని ఆ మొహాన్ని చూసి భూలక్ష్మి, "నా బిడ్డ, గిదీ నా బిడ్డ" అంటూ గుండెలు బాదుకుంది.

చలికాలంలో రామబ్రహ్మం మళ్లీ దవాఖానకు వచ్చాడు. రెండు సీసాలు తెచ్చాడు. వాటిని ఇంటికి తెచ్చిన రోజు భూలక్ష్మి ముట్టుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని అడిగింది.

"మామా, నేను చంద్రికి పోసేది నీకెరికేనా?"

"ఎరికే."

"మరెందుకు అనలే?"

"ఏమంటనే? పొయ్యమననా, వద్దననా?"

ఆమె మోకాళ్లలో తల పెట్టుకుంది. నర్సింహ లేచి ఆమె పక్కన కూర్చున్నాడు. అంతకంటే చేయగలిగింది అతనికి కనబడలేదు.

మధ్యలో మందు తప్పిన నెలలు ఐలయ్యను ఏం చేశాయో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు, కనిపెట్టుకుని ఉండమన్నాడు. మర్నాడు పొద్దున నర్సింహ కొడుకును పిలిచాడు. ఇప్పుడిక ఇంటి వెనక్కి పోవలసిన పని లేదు. వాకిట్లోనే నిలబెట్టి గోలీ చేతిలో పెట్టాడు.

ఐలయ్య వాసన చూసి మొహం చిట్లించాడు. "నాకేం రోగం లేదు గద నాయినా. అక్క రోగం నాకంటొద్దని గద ఏసిండ్రు, అక్క పోయింది. ఇంక ఎందుకు?"

భూలక్ష్మి లోపలికి వెళ్లిపోయింది. నర్సింహ నీళ్ల గిలాస అందించి, "మింగు బిడ్డా" అన్నాడు. పిల్లవాడు మింగేదాకా అక్కడే నిలబడ్డాడు.