దస్తగిరి మాస్టారి కళ్ళజోడు కీలు

నేను ఒక కీలును. తలుపుకుండే బందు లాంటిదాన్నే గాని, మినపగింజంత ఉంటాను. కళ్ళజోడు కాడకూ ముందు చట్రానికీ మధ్య కూర్చుని మడత పడుతుంటాను. అద్దాలను అందరూ తుడుస్తారు, ఫ్రేమును మెచ్చుకుంటారు. కీలును మాత్రం విరిగిన రోజునే తలుచుకుంటారు. నన్ను ఇంతవరకూ ఎవరూ అలా తలుచుకోలేదు. నా పనితనం ఎలాంటిదో దాన్నిబట్టి మీరే ఊహించుకోండి.

మాది మామూలు కళ్ళజోడు కాదు. ముందు చట్రంలో ఉన్న చిన్న కెమెరా పుస్తకంలోని అక్షరాలను చూస్తుంది. చెవి వెనక కాడలో బ్యాటరీ, స్పీకరు ఉంటాయి. కెమెరా చూసిన వాక్యాన్ని అవి చెవిలో చదివి వినిపిస్తాయి. ఈ రెంటినీ కలిపేవి వెంట్రుకల్లాంటి తీగలు. అవి కీలు దాటే పోవాలి, వేరే దారి లేదు.

నాకు ముందు పుట్టిన కీళ్ళలో ఆ తీగలు మడత మీదుగా పోయేవి. మడిచినప్పుడల్లా ఒకే చోట వంగి, చివరికి పుటుక్కున తెగేవి. మెడ దగ్గర చిట్లి టేపు చుట్టుకున్న ఛార్జరు వైరు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అదే జబ్బు. హైదరాబాదు శివార్లలో మమ్మల్ని తయారుచేసే వర్క్‌షాపువాళ్ళకు ఇది పెద్ద విషయంగా తోచలేదు. మనిషి పొద్దున కళ్ళజోడు పెట్టుకుంటాడు, పడుకునే ముందు మడిచి పెడతాడు, అంతేగా అనుకున్నారు.

వాళ్ళకు నంద్యాల దస్తగిరి మాస్టారు తెలియదు. ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు పండితుడు. చూపు దాదాపు పోయింది, గొంతు మాత్రం పోలేదు. చెవిలో వినపడిన పద్యాన్ని రాగంతో చదివి, కళ్ళజోడు తీసి, ఒంటిచేత్తో టక్కున మడిచి అప్పుడు అర్థం మొదలుపెడతాడు. మళ్ళీ పద్యం, మళ్ళీ మడత. ఆ టక్కు వినగానే పిల్లలు పెన్నుల మూతలు తీస్తారు. అర్థం రాసుకోవలసింది అప్పుడేనని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అలా మడిచీ మడిచీ తీగ తెగి, పద్యం మధ్యలో కళ్ళజోడు రెండుసార్లు మూగబోయింది. "మీమీద గౌరవం లేక కాదు సార్. ఇంకోసారి ఆగిపోతే పదో తరగతిని వేరేవాళ్ళకు ఇయ్యాల్సొస్తుంది" అంది హెడ్‌మిస్ట్రెస్ శ్యామల. ఆమె తప్పేమీ లేదు, పరీక్షలు దగ్గరకొచ్చాయి.

వర్క్‌షాపు యజమాని, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా మాస్టారి చేతిదని తేల్చాడు. ఆపైన కీలే లేకుండా, కాడలు బిగించేసిన కళ్ళజోడు చేయించాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. దాన్ని నంద్యాలకు పట్టుకెళ్ళింది మా డిజైనరు ఇందుమతి.

ఆమె వెనక బెంచీలో కూర్చుంది. మాస్టారు పద్యం చదివాడు, యంత్రం బ్రహ్మాండంగా పలికింది. ఆయన కళ్ళజోడు తీశాడు. బొటనవేలు మడత కోసం కాడంతా తడిమింది. మడత లేదు. పిల్లలు పెన్నులు పట్టుకుని చూస్తున్నారు, ఒక్క మూత కూడా ఊడలేదు. ఆయన అర్థం జోలికి పోలేదు. తల దించుకుని మళ్ళీ అదే పద్యం చదివాడు.

బయటికి వచ్చాక ఇందుమతితో, "అద్దాలు మొగం మీదుంటే నేను చదివేటోణ్ణమ్మా. మడిచి చేతిలో పెట్టుకుంటేనే సార్‌ని. ఏం జేద్దాం, ముదిరిపోయిన అలవాటు. మీరు కష్టపడినారు, నేనే పనికి రాకుండా పోయినా" అన్నాడు.

ఆమెకు ఆ చివరి మాట గుచ్చుకుంది.

"ఒక్క సారు కోసం కీలు అచ్చే మారుస్తావా?" అన్నాడు యజమాని, ఆమె వర్క్‌షాపుకు తిరిగొచ్చాక.

"మడిచేది ఆయనొక్కరే కాదు సార్. మనకు చెప్పింది ఆయనొక్కరే" అంది ఇందుమతి.

అలా పుట్టాను నేను. నా నడుమ ఉండే సీల గుల్లది. తీగలు మడత మీదుగా కాక ఆ సీల లోపలి నుంచి, కొంచెం వదులుగా నిలువునా పోతాయి. కాడ మడిస్తే అవి వంగవు, కాస్త మెలి తిరుగుతాయంతే. ఆ మెలి కూడా ఒక్కచోట పడకుండా తీగ పొడవునా పరుచుకుంటుంది. ఇంత చిన్న సంగతికి ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఇన్నాళ్ళు తంటాలు పడ్డారు. మనుషులు అంతే, విరిగేదాకా ఏదీ సరిగా చూడరు.

తొలిరోజు శ్యామల కూడా క్లాసులో కూర్చుంది. మాస్టారు పద్యం చదివాడు, నన్ను మడిచాడు. అర్థం చెప్పి మళ్ళీ విప్పాడు. కళ్ళజోడు పలికింది. గంట కొట్టేదాకా మడుస్తూ విప్పుతూనే ఉన్నాడు, ఒక్క అక్షరం తప్పిపోలేదు. శ్యామల లేచి, పదో తరగతి పుస్తకాన్ని ఆయన బల్ల మీదే వదిలి వెళ్ళింది. ఆయన రిటైరయ్యేదాకా ఆ తరగతి ఆయనదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఇప్పుడు మా కెమెరా చెడిపోయింది, బ్యాటరీ ఉబ్బింది. విడిభాగాలు దొరకవని తెలిసీ ఇందుమతి ఒకసారి వచ్చి, మీటరు పెట్టి చూసి, "కీలులో తీగలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి మాస్టారూ" అంది. వాటిలో పారడానికి కరెంటే లేదు. అయితే ఏం?

సాయంత్రం పిల్లలు మాస్టారి ఇంటి వరండాలో చేరతారు. పద్యం ఇప్పుడు వాళ్ళలో ఒకరు చదువుతారు. చూపించనిదీ వినిపించనిదీ అయిన ఆ కళ్ళజోడును పెట్టుకుని ఆయన వింటాడు. పద్యం అయిపోగానే తీసి, ఒంటిచేత్తో నన్ను మడుస్తాడు.

పిల్లలు పెన్నుల మూతలు తీస్తారు.