ఫైనల్‌కు వాన కావాలి

వాన అడిగింది నేనే. ఇంకొకరి మీదికి నెట్టేద్దామన్నా కుదరదు, చర్చి నిండా సాక్షులున్నారు. ఆ ఆదివారం పాస్టర్ జేమ్స్ గారు ప్రార్థన మనవులు చెప్పమనగానే అందరికంటే ముందు లేచాను.

"శనివారం ఏలూరులో మన కుర్రాళ్ల ఫుట్‌బాల్ ఫైనల్ అండీ. గ్రౌండు బురదైతే తప్ప గెలవలేం. వాన కోసం ప్రార్థించండి" అన్నాను.

అందరూ నవ్వారు. తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థించి, ఆమెన్ అన్నారు. మా అమ్మ నిర్మల మాత్రం అనలేదు.

బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, "కొల్లేట్లో ఉండేవాళ్లం వాన అడక్కూడదురా హెన్రీ. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే" అంది. నీకు ఆట సంగతి తెలీదులే అని కొట్టిపారేశాను.

మా లంక కుర్రాళ్లకు గ్రౌండు లేదు. చేపలు పట్టేసి నీళ్లు తోడేసిన చెరువులో, చీలమండ లోతు బురదలో నేను నేర్పిన ఆట వాళ్లది. బురదలో బంతి దొర్లదు కాబట్టి గాల్లోనే ఆడతారు. తాడేపల్లిగూడెం జట్టుది కొలిచినట్టుండే పాసుల ఆట. పొడి నేల మీద వాళ్లను పట్టుకోవడం మా తరం కాదు. రెండేళ్లుగా కప్పు వాళ్లదే.

గురువారం వాన మొదలైంది. శుక్రవారం ఆగలేదు. శనివారం తెల్లారేసరికి నీళ్లు మా వీధి మొదట్లో ఉన్నాయి. అమ్మా నేనూ ఉండేది పాత మట్టిగోడల ఇల్లు. స్కూలు డాబా మీదికి పదమంటే కోళ్లను వదిలి రానంది. కోళ్లతో సహా దింపి రావాలంటే గంట పడుతుంది. బయట ఆటో హారన్ కొడుతోంది. "సాయంత్రం వచ్చి తీసుకెళ్తానమ్మా" అన్నాను. ఆ మాటన్న నోటిని ఇప్పుడేం చేసుకోను?

ఏలూరు గ్రౌండు అచ్చం మా చెరువులాగే ఉంది. కోరుకున్నట్టే జరుగుతుంటే సంతోషించాలి కదా, నా చూపు మాటిమాటికీ కొల్లేరు వైపే పోతోంది. హాఫ్ టైమ్‌కి ఎవరికీ గోల్ లేదు. అమ్మకు ఫోన్ చేశాను.

"నీళ్లు గడప దాటాయి నాయనా. మంచం మీద కూర్చున్నాను."

"గోడలెలా ఉన్నాయమ్మా?"

"నానాయి. పిల్లల్ని వదిలేసి రాకు. గెలిచే రండి."

పాస్టర్ గారికి చేస్తే కలవలేదు. అప్పుడైనా బయల్దేరొచ్చు. బయల్దేరలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కప్పు కావాలి.

రెండో సగంలో గూడెం వాళ్ల పాసులన్నీ నీళ్లలోనే ఆగిపోయాయి. చివరి నిమిషంలో మా కెప్టెన్ ఫణికిరణ్ బంతిని కాలివేళ్లతో పైకి లేపి, కింద పడకుండానే గోల్లోకి కొట్టాడు. విజిల్ మోగింది. కుర్రాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంత ఎత్తునుంచి నాకు కొల్లేరు వైపు నల్లటి ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు.

మళ్లీ అమ్మకు చేశాను. రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. మూడోసారి మోగను కూడా లేదు.

రోడ్డు మునిగింది. దోనె ఎక్కి, అందులోకి వచ్చే నీళ్లను ఆ కప్పుతోనే తోడుకుంటూ వెళ్లాం. మా ఇంటి చోట నీళ్ల మీద పైకప్పు ఒక్కటే ఉంది. దాని మీద కోళ్లున్నాయి. అమ్మ దాని కింద ఉంది.

నీళ్లు తీశాక వచ్చిన మొదటి ఆదివారం, చర్చిలో కప్పును బల్ల మీద పెట్టారు. జేమ్స్ గారు నా మొహంలోకి చూడలేక నేల చూస్తూ, "జట్టు గెలిచినందుకు సాక్ష్యం చెప్పండి హెన్రీ గారూ" అన్నారు.

లేచాను.

"వాన అడక్కూడదని మా అమ్మ చెప్పిందండీ" అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు.