పదకొండో మైలు చిగురు

పొద్దుటి బండి ఏడు గంటలకు. ఆలోపు ఆకులన్నీ కోసెయ్యాలి.

గని నుంచి రేవు దాకా ముప్పైరెండు మైళ్ళ లైను అది. ఆ చుట్టుపక్కల మొట్టమొదటి రైలు. వెయ్యడానికి నాలుగేళ్ళు పట్టింది. మనుషులెంతమంది పట్టారో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. రాళ్ళు పేలి కొందరు, జ్వరాలొచ్చి కొందరు, వంతెన మీంచి జారి కొందరు పోయారు. మనిషి పోయినచోట, పట్టాల కింద అడ్డంగా పరిచిన చెక్కదుంగ చిగురు వేసేది. రాత్రికి రాత్రి నాలుగాకులు. అవి పట్టా మీద పడి నలిగితే ఎత్తు ఎక్కేచోట చక్రాలు జారతాయని, వాటిని కొయ్యడానికి కంపెనీ ఆడవాళ్ళను పెట్టుకుంది, మనిషికో మైలు చొప్పున.

ఆకు నలిపి వాసన చూస్తే అది ఎవరిదో ఇంటివాళ్ళకు తెలిసిపోయేది. వంటవాడి ఆకు మాడిన అన్నం వాసన. గుర్రాలు కాసినవాడి ఆకు పచ్చిగడ్డి వాసన. గుర్తుపట్టినవాళ్ళు మేస్త్రీకి చెబితే, ఆయన కూలీల పుస్తకంలో పేరు పక్కన 'మరణం' అని రాసేవాడు. ఇంటివాళ్ళు రెండురోజులు ఏడ్చి, మూడోరోజు పనిలోకి వచ్చేవారు.

పదకొండో మైలు దగ్గర, కంపెనీ వేసిన ఒంటిగది ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరు ఉండేవారు. వాళ్ళ మనిషి సంగతి మాత్రం తేలలేదు. కొండను కోసి దారి చేస్తున్న రోజుల్లో అతను అక్కడ లాంతర్లు వెలిగించేవాడు. ఒక వానాకాలం ఉన్నట్టుండి కనిపించకుండా పోయాడు. ఆ వారమే కొండచరియ కూలింది. లైను తెరిచే రోజు దగ్గరపడిందని మట్టిని చదును చేసి పైనే పట్టాలు వేసేశారు. అతని వాసనతో ఏ దుంగా చిగురించలేదు. కాబట్టి మేస్త్రీ పుస్తకంలో 'పారిపోయాడు' అని రాసుకున్నాడు. ఏడేళ్ళయింది.

"రైలొచ్చాక అందరి మొగుళ్ళూ పెందలాడే ఇళ్ళకొస్తున్నారు. నీ మొగుడే ఏ బండెక్కాడో మరి," అనేది పక్కింటావిడ. కోడలు నవ్వేసేది. నవ్వి, ఇంట్లోకొచ్చి మొగుణ్ణి తిట్టేది. పొద్దున లేవగానే ముఖం కడుక్కోకముందే మొదటి తిట్టు పడేది. "ఎక్కడున్నావో గానీ, నీ కాళ్ళు విరగ." అత్త విననట్టు చాకు నూరుకునేది. రోజూ అన్నం వేళకు కొడుకు కంచం కూడా పెట్టి, తిన్నాక అదీ కడిగి బోర్లించేది.

పదకొండో మైలు అత్తది, పన్నెండో మైలు కోడలిది. నడవలేకపోతున్నావు, రెండూ నేనే చూస్తాను అని కోడలు ఎన్నిసార్లన్నా అత్త ఒప్పుకోలేదు. ముసలాళ్ళ మొండితనానికి మందు లేదని కోడలు ఊరుకుంది.

ఒక సోమవారం మేస్త్రీ అందరినీ పిలిచాడు.

"చెక్కదుంగలు పుచ్చిపోతున్నాయి. తీసేసి ఇనపవి వేస్తారంట. బుధవారం పదకొండో మైలు నుంచి మొదలు. ఆకున్న దుంగను ఇంటివాళ్ళు పట్టుకెళ్ళొచ్చు. మోడు దుంగలన్నీ ఇంజను పొయ్యిలోకి. ఇనుముకు ఆకులు రావు కాబట్టి మీకు కూడా ఇక పనుండదు."

ఆడవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. అత్త ఇంటికొచ్చి పడుకుంది. మర్నాటికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. లేవబోయి తూలింది.

"పదకొండో మైలుకు ఇవాళ ఎవరూ వెళ్ళొద్దు. అక్కడేం లేవు ఆకులు," అంది.

"లేకపోతే చూసొస్తాను. మేస్త్రీ ఊరుకుంటాడా?" అని కోడలు చాకు తీసుకుని బయల్దేరింది.

కొండకోతలో, మలుపు దగ్గర, పట్టాకు ఆనుకుని మూడాకుల చిగురు కనిపించింది. వంగి కొయ్యబోతూ ఒకాకు నలిపింది. కిరసనాయిలు వాసన. ఏడేళ్ళ కిందట రోజూ సాయంత్రం గుమ్మంలోకి వచ్చిన వాసనే.

ఆమె కంకర మీదే కూలబడింది. చిగురు మొదట్లో దుంగంతా కోతలే. పాతవి నల్లబడ్డాయి, కొత్తవి ఇంకా తెల్లగా ఉన్నాయి. అన్నీ ఒకే వాలు, కుడినుంచి ఎడమకు కాదు, ఎడమనుంచి కుడికి. లైను మీద ఎడమచేత్తో కోసే మనిషి ఒక్కతే. ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ఇద్దరి మీదా వచ్చింది, చచ్చినవాడి మీదా, దాచినదాని మీదా. ఆకులు కొయ్యకుండానే లేచి వచ్చేసింది. మూడాకులకే బండి జారిపోదు.

ఇంటికొచ్చి అత్తకు గంజి అందించి అప్పుడడిగింది.

"చిగురు ఉందత్తా అక్కడ."

"ఎవరిదో అయ్యుంటుంది."

"కిరసనాయిలు వాసన."

"లాంతర్లు వెలిగించినవాడు వాడొక్కడేనా?"

"కోతలన్నీ ఎడమచేతివత్తా."

అత్త గంజి గిన్నె కింద పెట్టేసింది.

"పారిపోయినవాడు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తాడే. చచ్చినవాడు రాడు."

"ఊరు నన్నేమందో నీకు తెలుసు."

"తెలుసు. మాటలకు ఒళ్ళు కాలదులే అనుకున్నా."

"ఊరు సంగతి వదిలెయ్. నేనేమన్నాను? పోయిన మనిషిని పట్టుకుని ఏడేళ్ళు కాళ్ళు విరగ, కళ్ళు పోను అని తిట్టాను. అవన్నీ ఎలా వెనక్కి తీసుకోను?"

అత్త గోడవైపు తిరిగింది.

"రేపు ఆ మూడాకులూ ఉండాలి. లేకపోతే ఆయన్ని పొయ్యిలో పెడతారు. విన్నావా?" అంది కోడలు.

"విన్నా," అంది అత్త.

తెల్లారి చూస్తే అత్త మంచం ఖాళీ.

కోడలు పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి మేస్త్రీ, నలుగురు కూలీలు గునపాలతో మలుపు దగ్గరికొచ్చేశారు. అత్త పట్టా పక్కన కూర్చునుంది. దుంగ మోడుగా ఉంది. కొత్త కోత మీద తడి ఇంకా ఆరలేదు.

"కొయ్యకూడదనే వచ్చానే. చూసి పోదామనే," అంది అత్త, ఎడమచెయ్యి చూపించి. "ఇది ఊరుకోలేదు."

గుప్పెట్లో మూడాకులున్నాయి. లేచి అవి మేస్త్రీకి చాచింది. నలుగురూ వినేలా చెప్పింది.

"ఇది మావాడిది. ఏడేళ్ళుగా కోస్తున్నది నేను. వాడు పారిపోలేదు. చచ్చిపోయాడు."

ఆ మాట ఆవిడ నోట్లోంచి రావడం అదే మొదలు. కోడలు వెళ్ళి ఆవిడ రెక్క పట్టుకుంది, పడిపోకుండా.

మేస్త్రీ ఆకులు వాసన చూశాడు. మంచివాడే. కాకపోతే పైవాళ్ళంటే భయం.

"నాకు తెలుస్తోందమ్మా. కానీ కోసిన ఆకు లెక్కకు రాదు, దుంగకుండాలి. నేనిచ్చేస్తే రేపు ప్రతివాడూ గుప్పెట్లో ఆకులు తెస్తాడు."

"ఒక్క రాత్రి ఆగండి. మళ్ళీ వేస్తాడు," అంది కోడలు.

"బండి ఆగదు కదమ్మా," అని మేస్త్రీ కూలీలకు సైగ చేశాడు.

మేకులు ఊడదీశారు. రెండువైపులా గునపాలు దూర్చి దుంగను ఎత్తారు. సగం లేచి ఆగిపోయింది. కింద ఏదో పట్టుకున్నట్టుంది. నలుగురూ ఒక్కసారి బలంగా లాగితే దుంగ పక్కకు దొర్లింది.

అడుగువైపంతా చిగుళ్ళే. మూర పొడవున్నాయి. ఎండ తగలక పాలిపోయి తెల్లగా, జుట్టులా ఒకదాన్నొకటి పెనవేసుకుని, కత్తికి అందకుండా మట్టిలోకి పెరిగాయి. కొండకోతంతా కిరసనాయిలు వాసన నిండిపోయింది. పైన కోసిన ప్రతి ఆకుకూ కింద ఒకటి వేసుకున్నాడు.

"నాకు దడిసి దాక్కున్నావురా," అంది అత్త. అని మోకాళ్ళ మీద పడిపోయింది.

మేస్త్రీ పుస్తకం తీశాడు. పేజీలు తిప్పి, 'పారిపోయాడు' కొట్టేసి, పక్కన 'మరణం' అని రాశాడు. కింద మట్టిలో ఏముందో తవ్వి చూడమని ఎవరూ అడగలేదు. బండి వేళవుతోంది.

అత్తాకోడళ్ళు దుంగను చెరో కొన పట్టి మోసుకెళ్ళారు. ముందు అత్త, వెనక కోడలు. "మొయ్యగలవా జ్వరంతో?" అంటే, "కన్నప్పుడు మోశాగా," అంది అత్త. దారిలో నాలుగుసార్లు దించి భుజం మార్చుకున్నారు. వెనకాల ఏడు గంటల బండి కొత్త ఇనప దుంగల మీద మోతచేసుకుంటూ వెళ్ళింది.

దుంగను పెరట్లో వెల్లకిలా, చిగుళ్ళు పైకి వచ్చేలా పెట్టారు. అత్త ఆ మధ్యాహ్నం రెండు కంచాలే పెట్టింది. తినకుండానే లేచి, చాకు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"నాకు అందనిచోట పెట్టవే."

కోడలు దాన్ని చూరులో ఎత్తుగా దోపింది. ఏడేళ్ళ మాట ఆరోజు ఇద్దరూ ఎత్తలేదు. క్షమించిందా అంటే చెప్పలేం. అత్త ఒళ్ళు తుడిచి, దుప్పటి కప్పింది.

సాయంత్రానికి తెల్ల చిగుళ్ళు కొద్దిగా పచ్చబడ్డాయి.

మర్నాడు లేవగానే, అలవాటుగా, కోడలికి తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగేసి, ముఖం కడుక్కోవాల్సిన చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి దుంగ మీద పోసింది.